ఆ మూల గడి

క్లాక్స్‌విక్‌లో ఆ సాయంత్రం వాన అడ్డంగా కురుస్తోంది.
గోడమీద కాగితం. ఐదో బల్ల.
నా పేరు పక్కన రెండువేల మూడువందల ఎనభైనాలుగు,
ఆమె పేరు పక్కన పదహారువందల పన్నెండు.
ఒడ్వోర్. చేపల ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు.
ఎడమ బొటనవేలికి నీలం ప్లాస్టరు.
ఎంత తోమినా పోని చేప వాసన
ఆమె గుర్రంతోపాటు నా వైపు దూకేది.

నిజం చెప్పాలంటే ఆ పాయింటు
రైలెక్కకముందే ఖర్చుపెట్టేశాను:
ఒస్త్రావాలో గది అద్దె,
కూతురి పళ్ళకి కట్టించాల్సిన తీగ.

ఇరవైరెండో ఎత్తుకి ఒక బంటు గెలిచాను.
ముప్పైకి ఇంకొకటి.
నలభై దాటాక నాకు శకటు, రెండు బంట్లు,
ఆమెకు ఒంటి గుర్రం.
లేచి కిటికీ దగ్గరికెళ్ళి
రేవులో పడవలు లెక్కపెట్టాను,
గెలిచేవాడు లెక్కపెట్టేంత తీరిగ్గా.

తిరిగొచ్చేసరికి
ఆ గుర్రాన్ని నా మధ్య బంటుకి ఇచ్చేసి ఉంది.
పొరపాటనుకున్నాను.
జాలి కూడా పడ్డాను.

తర్వాత కనిపించింది.
మిగిలింది అంచున నడిచే బంటు.
అది మంత్రి కావాల్సిన మూల గడి నలుపు.
నా శకటు తెల్లగడుల్లో పుట్టింది,
తెల్లగడుల్లోనే తిరిగి చస్తుంది.
ఆమె రాజు అప్పటికే ఆ మూలకి చేరి
చలికి ముడుచుకున్నట్టు కూర్చున్నాడు.

అయినా ఒప్పుకోలేదు. పంతొమ్మిది ఎత్తులు లాగాను.
నాలుగింటికే లేచిన మనిషి,
ఎక్కడో ఒకచోట కళ్ళు వాలవా అని.
రేటింగ్‌లో ఈ ఆశ కూడా ఒక భాగమే,
ఎవరూ విడిగా లెక్కగట్టరు.
ఆమె మూలకి, పక్కకి, మళ్ళీ మూలకి.
మధ్యలో ఫ్లాస్కు మూత తిప్పి
నాకూ కొంచెం టీ పోసింది.

చివరి ఎత్తు నాదే. బంటుని నేనే తోశాను.
ఆమె రాజుకి కదలడానికి చోటు లేదు,
నా దగ్గర చంపడానికి కత్తి లేదు.
ఆట కట్టలేదు. ఆగింది.
హానుస్ ముసలాయన వచ్చి
మొండి పెన్సిల్‌తో రాశాడు: అర, అర.
ఒకే చెయ్యి, ఒకే అర.
నాది మాత్రం చిన్నగా కనిపించింది.

సంతకం పెడుతూ అడిగింది:
"గుర్రం ఇచ్చినప్పుడు నా చెయ్యి వణికింది, చూశారా?"

చూడలేదు. పడవలు లెక్కపెడుతున్నానన్నాను.

"ఎన్నున్నాయి?"

పదకొండు.

"పన్నెండు," అంది కోటు తొడుక్కుంటూ,
"ఒకటి ఐసు గోదాం వెనక ఉంటుంది.
ఈ కిటికీలోంచి కనపడదు."