ఏడు మాట్లు

మస్కట్‌లో హోటలు హాలు. పళ్ళు కొట్టుకునే చలి.
చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని
నలభైమూడో నంబరు గిన్నె ఎత్తిపట్టుకుని
ధర తెగేదాకా నిలబడడం నా పని.
దగ్గకూడదు. అటూ ఇటూ చూడకూడదు.

చీనా పింగాణీ. లోపల నీలంలో రెండు కొంగలు,
ఒకదానికి కాలు అరిగిపోయింది
తరతరాల గరిటెలు తగిలి.
జాంజిబార్లో లవంగతోటల దొరలంట వాళ్ళు.
తిరుగుబాటు లేచిన రాత్రి
పసిపిల్లనూ ఈ గిన్నెనూ
ఒకే బొంతలో చుట్టుకుని పడవెక్కారంట.
ఆ పసిపిల్ల, బీబీ ఘనియా, ఇప్పుడు
ముందు వరుసలో కూర్చుని ఉంది,
ఒళ్ళో చేతిసంచి, సంచి మీద రెండు చేతులు.

నిన్న గోడౌనులో బోర్లించి తుడుస్తుంటే
అడుగున వేలికి గరుకు తగిలింది.
చీలిక పొడవునా ఇత్తడి మాట్లు.
లెక్కపెట్టాను, ఏడు.
తిప్పి లోపల చూస్తే ఒక్కటీ కనబడదు.
ఆ బెజ్జం పింగాణీ మందంలో సగందాకా పోయి
ఆగింది. ఇంకో వెంట్రుకవాసి దిగి ఉంటే
కొంగకొక ముక్క.

మా నాయన ఖాశింపీరా, రాయచోటి సంతలో
తిత్తి ఊది, నవసాగరం పొగ మింగి
కళాయి పూసేవాడు, బిందెలకు మాట్లేసేవాడు.
"నీళ్ళు పోసి చూస్కోమ్మా,
కారితే పైసా ఇయ్యొద్దు" అనేవాడు.
కారకపోయినా ఇవ్వనివాళ్ళు చాలామందే.

కేటలాగులో దీనికి రాసింది రెండే మాటలు:
పగిలినది, అతికినది.
పగలని దీని జత పదకొండు వేల రియాళ్ళు పలికింది.
దీనికి ఒక్క చెయ్యీ లేవలేదు.
రెండు వేలు, పదిహేను వందలు, వెయ్యి...
సుత్తి పట్టుకున్నాయన గొంతు మెట్లు దిగుతోంది.

ఏం పుట్టిందో నాకు,
గిన్నెను వంచి అడుగు జనానికి చూపించాను.
దీపాల కింద ఏడూ మెరిశాయి.
ఆయన నన్ను కళ్ళతోనే కొట్టాడు.
బీబీ ఘనియా చెయ్యెత్తింది.
అమ్మేవాళ్ళు కొనకూడదమ్మా, అని ఎవరో చెవిలో చెబితే
దించి మళ్ళీ సంచి మీద పెట్టుకుంది.

తొమ్మిది వందలకు ఎవరో ఫోనులో కొన్నారు.
ఏ ఊరో తెలీదు.

ఇప్పుడు బుడగల కాగితం చుడుతున్నాను, మూడు పొరలు.
పెట్టె మీద బాణం గుర్తు, ఇటు పైకి.
మాట్లేసినవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు.
నిన్న సాయంత్రం గోడౌనులో ఎవరూ లేనప్పుడు
నా సీసాలో నీళ్ళు ఇందులో పోసి చూశాను.
మగ్రిబ్ నుంచి ఇషా దాకా ఉంచాను.
చుక్క కారలేదు, నాయనా.