గీత పడిన రికార్డు

వాల్పరైసోలో ఆగస్టు అంటే వాన.
కొండ మీదికెళ్ళే రైలు పెట్టె
మూలుగుతూ ఎక్కుతుంది, మూలుగుతూ దిగుతుంది.
దాని కిందే నా కొట్టు.
పాత రికార్డులు అమ్ముతాను.
కొంటాను కూడా,
ఎక్కువగా చనిపోయినవాళ్ళ ఇళ్ళ నుంచి.

ఆ మంగళవారం ఒకామె
గొడుగు గుమ్మం బయటే ఆనించి
కోటు జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది.
'నాకు వినపడదు. మావాడికి వినపడుతుంది.
పదకొండు నెలలు. రాత్రిళ్ళు పడుకోడు.
వాడికి సంగీతం కావాలి.'
కింద పేరు, ఇస్మేనియా.
పేరు కింద రెండు గీతలు, గట్టిగా.

ఏం కావాలన్నా టక్కున తీసిచ్చేవాణ్ణి.
ఆ పూట చేతులు ఎటు పోవాలో తెలియలేదు.

ముందు పిల్లల పాటలు తీశాను,
అట్ట మీద చందమామ కుచ్చుటోపీ పెట్టుకుని నవ్వే రకం.
ఆమె అట్ట చూడనేలేదు.
నేరుగా స్పీకరు దగ్గరికి నడిచి
ఒళ్ళు కాలుతోందేమో చూసినట్టు
దాని మీద అరచెయ్యి వేసింది.
కళ్ళు మూసుకుంది.
తర్వాత చీటీ తిప్పి రాసింది:
'గిల్లుతోంది.'

పియానో పెట్టాను.
'చినుకులు. బయట పడుతున్నవి చాలు.'
వయొలిన్‌కి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.
ఇక పంతం వచ్చింది నాకు.
అమ్మకుండా దాచుకున్న గిటారు రికార్డొకటి ఉంది,
మా ఆవిడ పోయిన ఏడాదంతా విన్నది,
అది కూడా తీసి పెట్టాను.
ఆమె పాట అయ్యేదాకా మర్యాదగా నిలబడింది.
ఆ మర్యాద ఏమిటో నాకు అర్థమైంది.

పారెయ్యాల్సిన కట్టలోంచి ఒక సెల్లో.
ఎలా వచ్చిందో చేతికి, వచ్చింది.
మూడో పాట మధ్యలో లోతైన గీత.
స్వరం ఒక మూర సాగి, టప్పున కూలి,
మళ్ళీ మొదటికి.
సాగి, టప్.
సాగి, టప్.
ముల్లు ఎత్తబోయాను.
నా మణికట్టు పట్టుకుని ఆపింది.

'పాడైపోయిందమ్మా' అన్నాను,
పెదవులు కనపడేలా, నెమ్మదిగా.
తల ఊపింది, తెలుసన్నట్టు.
నా చెయ్యి తీసుకుని చెక్క మీద పెట్టింది.
నలభై ఏళ్ళుగా ఆ పెట్టె పక్కనే బతుకుతున్నాను,
దుమ్ము తుడవడానికి తప్ప ముట్టుకున్నది లేదు.

నిమిషానికి ముప్పై మూడు తిరుగుళ్ళు.
ముప్పై మూడు మెత్తటి దెబ్బలు.
ఆమె ఒడిలో లేని బిడ్డ వీపు మీద
గాలిలో జోకొట్టి చూపించింది,
సరిగ్గా అదే వేగం.
ఆ తర్వాత తన భుజం నొక్కుకుని
చెయ్యి లాగేస్తోందని సైగ చేసింది.
పాడటం ఒకటి, జోకొట్టటం ఒకటి.
నేనింతసేపూ పాటే వెతుకుతున్నాను.

చీటీలో మిగిలిన మూలన ఇరికించి రాసింది:
వాళ్ళాయన రాత్రంతా రేవులో క్రేన్ మీద,
తను తెల్లారి అయిదింటికి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో.
ఉచితంగా తీసుకెళ్ళమన్నాను.
పూర్తి ధర లెక్కపెట్టి బల్ల మీద పేర్చింది, చిల్లరతో సహా.
ముల్లు త్వరగా అరిగిపోతుందని
రాసి మరీ చెప్పాను.

అప్పట్నుంచీ గీతలు పడ్డవి పారెయ్యటం లేదు.
తలుపు పక్కన ఒక డబ్బాలో వేస్తున్నాను.
ధర చీటీ అంటించలేదు,
ఏం రాయాలో తేలక.
కొన్ని మరీ తొందరగా తంతాయి, అవి దేనికీ పనికిరావు.
ఒకటి మాత్రం బాగుంది.
రాత్రి కొట్టు మూశాక నేను వాడుకుంటున్నాను.

అక్టోబరులో వచ్చింది, కొత్త ముల్లు కోసం.
చంకలో వాడు, అమారో, రెండు పళ్ళు.
నేను సరైన ముల్లు వెతుకుతుంటే
వాడు ముందుకు వంగి
నా బల్లని అరచేత్తో ఒకటి కొట్టాడు.
ఆగాడు.
మళ్ళీ ఒకటి కొట్టాడు.