క్రియ చివర

సముద్రపు గాలికి కార్డులు ఉబ్బేవి.
వానాకాలమైతే రీడర్ వాటిని నమిలి, నలిపి ఉమ్మేది.
నూకరత్నం వాటిని బీరువాలో
అరవై వాట్ల బల్బు కింద ఆరబెట్టేది,
జాలరిపేటలో వాళ్ళమ్మ కవ్వళ్ళు ఎండబెట్టినంత ఓపిగ్గా.

ఫోర్ట్రాన్‌కి మొదటి ఆరు గళ్ళూ వదలాలి.
మాట ఏడో గడిలో మొదలు.
డెబ్బై రెండు దాటిందేదీ చదవదు.
"ఏటి బాబూ ఈ మడీ ఆచారం"
అనేది, పంచింగ్ ఆపకుండా.

నేనప్పుడు కంపైలర్ రాస్తున్నాను,
కొండ మీది గదిలో,
వారానికి రెండు రాత్రులే నాదయ్యే యంత్రం మీద.
మనిషి రాసిన లెక్కని
అది మింగగలిగే ముద్దలు చెయ్యాలి.
రెండూ మూడూ కూడి నాలుగుతో హెచ్చించమంటే
బ్రాకెట్టు గుమ్మం దగ్గర తడబడి
పద్నాలుగు అనేది.
ఇరవై రావాలి.
మూడు వారాలు పద్నాలుగే.

ఒక సాయంత్రం కంచరపాలెం గేటు పడింది.
నేనూ, అన్నకి క్యారేజీ పట్టుకెళ్తున్న నూకరత్నమూ
సైకిళ్ళ మధ్య ఇరుక్కున్నాం.
ఎర్ర దుమ్ము మూతులతో ఇనపరాయి వ్యాగన్లు
వెనక్కీ, ముందుకీ.
అడ్డొచ్చినదాన్ని పక్క లైన్లోకి నెట్టి
వెనకదాన్ని సాగనంపి
అప్పుడు మళ్ళీ పిలిచి...
ఆఖర్న దూరింది ముందుగా బయటికి.
జెండా ఊపుతున్నది వాళ్ళన్న పైడయ్యే.
గేటు లేచినా నేను కదల్లేదు.
వెనక రిక్షావాడు మా వంశాన్ని తిట్టాడు.

ఆ రాత్రి
కూడికనీ హెచ్చవేతనీ
పక్క లైన్లో ఆగడం నేర్పాను.
తెల్లారేసరికి మడతల కాగితం మీద
రెండు, మూడు, కూడు, నాలుగు, హెచ్చించు.
ఇరవై.

నూకరత్నం గుర్తుల వెంట వేలు నడిపింది.
"ఓలమ్మ, ఇది మన మాటే గదేటి!
ముందు సరుకు సెప్పి, పని సివర్న సెప్పింది.
ఇంగిలీసోడే తిరగేసి రాస్తన్నాడు."

మొదటి గడిలో సీ అక్షరం కొడితే
ఆ కార్డు మనుషులకి మాత్రమే,
యంత్రం దాటేస్తుంది.
నిరుడు అటక మీంచి పాత లిస్టింగు దించితే
నేను రాసివ్వని లైనొకటి కనబడింది.
సీ, ఐదు గళ్ళ ఖాళీ,
తర్వాత ఇంగ్లీషు పెద్దక్షరాల్లో తెలుగు:
నూకరత్నం కొట్టింది.

ఎన్ని రాత్రులు పరిగెత్తిందో యంత్రం
ఆ కట్ట మీదుగా.
ఆ లైను దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతలు చెప్పుకున్నాను
గైడుకీ, డైరెక్టరుకీ, కరెంటాఫీసుకీ.
నేనూ ఆగలేదు.