యాభైయో వంతు

షార్జా, పదమూడో ఇండస్ట్రియల్ ఏరియా.
టైర్ల దుకాణం ఎనక, ఏసీలు కార్చే నీళ్ళు దాటినంక
మా వర్క్‌షాపు.
నిర్మల్‌ల పొణికి చెక్కతోని సీతాఫలాలు చెక్కిన చేతులు
ఈడ బాల్సా చెక్కతోని
ఇంకా పుట్టని విమానాలు చెక్కుతున్నయి.

ఎగ్జిబిషన్‌కు ఇంక పదకొండు రోజులు.
షమ్మా మేడం బల్ల మీద నాలుగు కాయితాలు పరిచింది.
మస్కట్‌కు, బహ్రెయిన్‌కు, కువైట్‌కు,
చిన్న చిన్న తొవ్వలకు
రేపటి విమానాలట.

మొదటిదానికి రెక్కలు సన్నగ, మస్తు పొడుగు,
తూనీగ రెక్కలు.
వంగకుండ కింద ఒక ఊతం,
పందిరికి గుంజ పెట్టినట్టు.
గేటు కాడ జాగ చాలదని కొసలు మడుస్తదట.
బస్సుల పక్కోనికి చోటిచ్చి
మోచేతులు ముడుసుకున్నట్టా, అన్న.
ఆమె నవ్వలే. రాసుకున్నది.

రెండోదానికి రెక్కలు నాలుగు.
ముందటియి, ఎనకటియి కొసల కాడ కలుస్తయి.
పైనుంచి చూస్తే
కాయితం చినిగిపోయిన పతంగి.

మూడోదానికి ఇంజన్లు వీపు మీద, తోక కాడ.
మొత్తుకునుడంత మబ్బులకే,
కింద పండుకున్నోల్లకు నిద్ర.
మా క్యాంపు మీదికెల్లి రాత్రి రెండింటికి పోయే కార్గో గుర్తొచ్చి
దాని మీద నాకు ప్రేమ పుట్టింది.
పంకలు కొడవళ్ళ లెక్క వంకర.
ఒక్కోటి నున్నగ రుద్దేటాల్లకు
నా వేలిముద్రలు అరిగినయి.
హాజరు మిషన్ల వేలు పెడితే
నువ్వెవలన్నది.

నాలుగోది టేకు చేప.
జుబైల్ చేపల బజార్ల మంచు మీద బోర్ల పడి ఉంటది సూడు,
పెయ్యి ఏడ ఆగిందో రెక్క ఏడ మొదలైందో తెల్వదు.
కిటికీలు లేవు. గోడలకు తెరలు.
"మరి బయటికి చూడాల్నంటే?"
"గంట సేపే కదా" అన్నది మేడం, ఉర్దూల.

రాత్రి భోజన్న డ్యూటీ దిగి వచ్చిండు.
ఎయిర్‌పోర్టుల లోడర్, తొమ్మిదేండ్ల సంది.
టేకు చేపను అరచేతులల్ల పెట్టుకొని
అంగట్ల ఎడ్ల పండ్లు చూసినట్టు చూసి
"దీని కడుపు ఏడ తెరుస్తరు?" అన్నడు.

కాయితాలన్ని ఎతికిన.
నూనె ఎంత మిగులుతదో ఉంది,
చప్పుడు ఎంత తగ్గుతదో ఉంది,
పెట్టెలు ఎక్కిచ్చే తలుపు లేదు.

భోజన్న నేల మీద మోకాళ్ళేసి చూపిచ్చిండు.
"ఇట్ల. మూడున్నర అడుగుల ఎత్తు.
ఆగస్టుల రేకు పెనమైతది.
దూరపు విమానాలకు మిషన్లు ఎక్కిస్తయి.
దగ్గరి ఊర్ల విమానానికి మనిషే మిషన్.
అట్లాంటియి పూటకు ఆరు."

తెల్లారి ఎవ్వలకు చెప్పకుండ
చేప కడుపుకు తలుపు కోసిన.
మిగిలిన తునుకతోని ఒక మనిషిని చెక్కిన,
చిటికెన వేలు రెండు కణుపులంత.
చేతిల పెట్టె. నారింజ రంగు కోటు.
లోపట నిలవెడితే తల తాకింది.
తలను కాదు,
కడుపు కింద ఇంకో పలక అతికిచ్చి చేపను లావు చేసిన.

మేడం వచ్చింది. కొలిచింది. మళ్ళ కొలిచింది.
"ఒక సెంటీమీటరు పెరిగింది.
అసలు విమానంల అర మీటరు.
గాలి ఊకోదు. ఎంత నూనె తాగుతదో ఎరుకేనా?"
తెల్వదన్న.

శానసేపు గ్రైండర్ చప్పుడు తప్ప ఏం లేదు.
కుర్సీ గుంజుకొని లెక్కలు మొదలుపెట్టింది.
నడుమ ఒక్కసారి తలెత్తి
"ఇతని ఎత్తెంత?" అని అడిగింది.
"ఐదడుగుల నాలుగు."
రాసుకున్నది.

ఎగ్జిబిషన్ల ఆ తలుపు తెరిచి పెట్టిన్రో, మూసి పెట్టిన్రో.
మాకు పాసుల్లేవు.

భోజన్న మోకాళ్ళకు బామ్ రుద్దుకుంట అడిగిండు:
"ఎన్నడు ఎగురుతదట?"
"ఇరవై ఏండ్లు పట్టొచ్చట."
"అయితే నా మోకాళ్ళకు కాదు."

సీసా మూత గట్టిగ తిప్పి, లైటు తీసేసి,
చీకట్ల మళ్ళ అన్నడు:
"ఆ మనిషి నడుముకు బెల్టు కట్టినవా?
నిలవడి ఎత్తేటోనికి గూడ బెల్టు కావాలె."