పదకొండు సెకన్లు

పీకో దీవిలో ఉప్పుగాలి
ముందు తలుపు బందుల్ని తింటుంది, తర్వాత రేడియోని.
ఆ తర్వాత,
పదమూడేళ్ళు బల్ల కింద గుర్రుమంటూ తిరిగిన
దెవులిందా గులార్ హార్డ్ డ్రైవ్‌ని.

తిన్నట్టు తెలియనివ్వలేదు.
ఫైళ్ళన్నీ పేర్లతో సహా కుదురుగా ఉన్నాయి,
బడి ఫోటోలో పిల్లల్లా.
ఒకటి తెరిచింది.
సెప్టెంబరు నెల, దీవికి దక్షిణాన, తొమ్మిది వందల మీటర్ల లోతు నుంచి
ఒక ఆడ తిమింగలం:
టిక్, టిక్, టిక్‌టిక్,
నాలుగో నిమిషంలో పదకొండు సెకన్లు ఏమీ లేదు.
మళ్ళీ టిక్, టిక్.

ఎర నోటికందాక తిమింగలాలు ఊరుకుంటాయి.
డ్రైవులూ ఊరుకుంటాయి.
ఇది ఎవరి మౌనమో ఎవర్నడగాలి?
డ్రైవ్‌ని అడిగితే అంతా క్షేమమంటుంది,
పచ్చదీపం కళ్ళార్పకుండా.

అరగంట పడవ దాటి ఓర్తాలో కొట్టుకెళ్ళింది.
ఎవరిస్తు కుర్రాడు, మాట చురుకు.
అయిదేళ్ళ గ్యారంటీ అన్నాడు అట్టపెట్టె తట్టి.
"పోతే ఏమిస్తారు?"
"కొత్తదిస్తాం."
"ఖాళీదేగా?"
వాడు నవ్వబోయి మానుకున్నాడు.
ఒకటే కొంది. రెండోది అక్కడ కొనలేదు,
వేరే కంపెనీది, వేరే నెలలో పుట్టింది, తెర్సైరా నుంచి తెప్పించింది.
ఒకే పెట్టెలో వచ్చిన కవలలకి
జబ్బు కూడా ఒకే వారంలో వస్తుందని
పాత పరిశోధనశాలలో చేతులు కాల్చుకుని నేర్చుకుంది.

ఇక ఫైల్ సిస్టమ్.
రాత్రంతా వాన. కరెంటు రెండుసార్లు పోయింది.
కొవ్వొత్తి వెలుగులో కాగితం మీద గీతలు గీసుకుంది.
ఒకటి ఏ కంప్యూటరుకైనా అతుక్కుంటుంది, అందరి మాటా వింటుంది,
రాస్తూ ఉండగా దీపం ఆరితే మాత్రం
ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోతుంది.
ఇంకొకటి చిట్టా రాసుకుంటుంది,
పడిపోయినా లేచి చిట్టా చూసుకుంటుంది,
అయితే చిట్టాలో ఉన్నది లెక్కే, సరుకు కాదు.
మూడోది చాదస్తం.
ప్రతి ముక్కకీ ఒక చెక్‌సమ్ కట్టి వేరేచోట దాస్తుంది,
పాతదాన్ని చెరపకుండా పక్కన కొత్తది రాసి
కుదిరాకే పాతదాని చెయ్యి వదులుతుంది.
మెమరీ ఎక్కువ తాగుతుంది. నెలకోసారి
ఉన్నదంతా మొదటినుంచీ చదువుకుంటూ కూర్చుంటుంది
పరీక్ష ముందు పిల్లలా.

పెదనాన్న బెల్మీరు తొంభైకి దగ్గర.
కొండ మీద తెల్ల గదిలో, దుర్భిణి పట్టుకుని
తిమింగలం ఊపిరి చిమ్మడం చూసి
కింద పడవలకి కబురు పంపిన కన్ను ఆయనది.
అప్పట్లో చంపడానికి. తర్వాత తర్వాత లెక్కపెట్టడానికి.
ఆయన నోటుపుస్తకం అడిగి తెచ్చుకుంది.
పెన్సిలు రాత: తేదీ, దిక్కు, ఎన్ని.
కొన్ని వరసల పక్కన చిన్న ప్రశ్నార్థకం.
"ఇవేంటి?"
"ఆ రోజు ఎండ కంట్లో పడింది. చూశానో లేదో నాకే తెలీదు."
"మరి ఎందుకు రాశావు?"
"తెలీదని రాశాను."

దెవులిందా మూడోదాన్నే ఎంచుకుంది.

నెల తిరిగాక మొదటి తనిఖీ.
తెల్లవారుజామున తెర మీద ఒక వరస:
రెండో డ్రైవులో ఒక ముక్క చెడింది,
మొదటిదాని నుంచి తెచ్చి సరిచేశాను.
కొత్త డ్రైవే. నెల కూడా నిండలేదు.
ఆమెకి కోపం రావాలి నిజానికి.
ఆ వరసని రెండుసార్లు చదివి
కాఫీ పెట్టుకుంది.

సెప్టెంబరు ఫైల్‌ని ఆఖరున ఎక్కించింది.
పదకొండు సెకన్లతో సహా.
చెక్‌సమ్ కట్టింది ఆ లోటుకి కూడా.
పేరు చివర, పెదనాన్నలా, ఒక గుర్తు పెట్టబోతే
ఆ గుర్తు పేర్లలో చెల్లదంది కంప్యూటరు.
"తెలీదు" అని అక్షరాల్లోనే రాసింది.

తిమింగలందో, తుప్పుదో,
ఆ మౌనం ఇకనుంచి
ఒక్క సెకను పెరగదు, తరగదు.
మూడో నకలు ఉన్నిగుడ్డలో చుట్టి
మధ్యాహ్నం పడవకిచ్చింది.
పడవవాడు చెవి దగ్గర పెట్టుకుని ఊపబోయాడు.
"ఊపకు, సెజినాండు."