మిరియం అద్దె

ఏటా మే నెల మొదటి సోమవారం
పడవల క్లబ్బు కార్యదర్శి నా కిటికీ దగ్గరికొస్తాడు.
తెల్ల చేతిరుమాల్లో చుట్టిన ఒకే ఒక్క మిరియం
బల్ల మీద పెడతాడు.
నేను రసీదు రాస్తాను:
"రేవు గట్టు, పాత గిడ్డంగి, మెట్లు, నీటి హద్దు దాకా ఇసుక.
ఏడాది అద్దె ముట్టింది."
ముద్ర కొడతాను. ఇద్దరం నవ్వుకుంటాం.
ఇరవై మూడేళ్లు నవ్వాను.

స్కాట్లాండు తూర్పు ఒడ్డున, మా స్ట్రాన్‌కెర్‌లో
అది ఊరుమ్మడి నేల.
గిడ్డంగి పైకప్పు మునిసిపాలిటీ వేయించింది.
మెట్ల దగ్గర దీపానికి కరెంటు బిల్లు
నా చేతుల మీదుగానే పోతుంది.
తలుపు మీద ఇత్తడి పలక మాత్రం వాళ్లది:
"సభ్యత్వం మగవారికే."

క్యాట్రియోనా గెడిస్ ఓడల యార్డులో వెల్డరు.
క్లబ్బు మోటారు పడవకి అడుగున చిల్లు పడితే
పూడ్చింది ఆమే.
తెడ్డు వేసే చోటు అడిగితే
గురువారం టీకి రమ్మన్నారు.

కోర్టులో ఆ రోజు కిటికీల నిండా వాన.
క్లబ్బు వకీలు అన్నాడు:
మా ఇల్లు, మా పంక్తి, ఎవర్ని పిలవాలో మా ఇష్టం.
ఆమె తరపు వకీలు కాసేపు కాగితాలు వెతుక్కుని
"ఇల్లు మీదే, కాదనను. ఇంటి కింద నేల?" అంది.

నన్ను సాక్ష్యానికి పిలిచారు.
గాజు జాడీ పట్టుకెళ్లాను. అరవై ఒక్క మిరియాలు,
నాకు ముందున్న గుమస్తాలు దాచినవి కూడా కలిపి.
మూత తీస్తుంటే చెయ్యి వణికి
కొన్ని దొర్లిపోయాయి, ఒకటి న్యాయమూర్తి కుర్చీ కిందికి.
మోకాళ్ల మీద వంగి అన్నీ ఏరాను.
అరవై ఒక్క ఏళ్ల రేవు,
అరచెయ్యి కూడా నిండలేదు.

తీర్పు పెద్దదేం కాదు.
ఎవర్ని చేర్చుకుంటారో మీ ఇష్టం;
ఊరి నేల మీద ఉండాలంటే ఊరి ధర కట్టండి.
మెట్లు మాత్రం ఎవరికీ అద్దెకివ్వడానికి లేదు.

ఈ మే నెలలో కార్యదర్శి చెక్కు తెచ్చాడు.
ఐదంకెల మొత్తం. నవ్వలేదు.
తలుపు తీయడం కన్నా
అదే చవకనుకున్నట్టున్నారు.
ఇత్తడి పలక ఇంకా బాగా తోమి ఉంది.

సాయంత్రాలు క్యాట్రియోనా
తన సొంత పడవని ఆ మెట్ల పక్కనే దింపుతుంది,
దీపం కింద ఆగి, తాడు సర్దుకుని.
తలుపు వైపు చూస్తుందో లేదో
నా కిటికీ నుంచి తెలీదు.

ఆ రోజు ఏరిన వాటిలో ఒక మిరియం
నా కోటు జేబులో ఉండిపోయింది.
నిన్న రాత్రి సూపులో వేయబోతూ కొరికి చూశాను.
ఘాటు లేదు.
పాత కాగితం రుచి.