నాకు తెలిసినంతలో

ఫిబ్రవరి. మోంటానా గాలి తలుపు తన్నుకుని లోపలికొచ్చింది.
వెనకాలే ఆర్విల్ టైగెన్,
చంకలో పసుప్పచ్చ కవరు, బూట్లకు గొర్రెల పెంట.

పదివేళ్ళూ నేనే అద్దాను.
సిరా పలకమీద ఒక్కో వేలూ
ఈ గోరంచు నుంచి ఆ గోరంచుకి దొర్లిస్తుంటే
చంటిపిల్లాడిలా చెయ్యి నాకు వదిలేశాడు.
కుడి చూపుడువేలు సరిగా పడలేదు,
ముళ్ళకంచె లాగి లాగి అరిగిపోయిన గీతలు.
రెండోసారి అద్దాను. మూడోసారి కూడా.

తుపాకీ మూతికి తగిలించే గొట్టం కావాలట.
జానెడు పొడవు. చప్పుడు మింగేస్తుంది.
రెండొందల డాలర్ల పన్ను, రెండు ఫోటోలు,
వాషింగ్టన్‌లో ముఖం తెలియని ఎవరిదో ముద్ర.
అన్నిటికంటే ముందు, ఇక్కడ,
మా షెరీఫ్ గ్రేడీ హాల్వర్సన్ సంతకం.

"కయోటీలు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి," అన్నాడు ఆర్విల్,
ఎవరూ అడక్కుండానే, కాస్త గట్టిగా.
"నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది, దాని సంగతి వదిలెయ్యి.
కుక్కే, పేల్చిన ప్రతిసారీ ట్రాక్టరు కింద దూరి
రెండ్రోజులు తిండి ముట్టదు."

గ్రేడీ కళ్ళజోడు పెట్టుకున్నాడు.
ఆ కాగితం అతన్ని అడిగేది ఒక్కటే మాట:
ఈ మనిషి దీన్ని చెడ్డపనికి వాడతాడనే సమాచారం
నా దగ్గర లేదు.

లేదు అని రాయడానికి
మనిషికి ఎంత తెలియకుండా ఉండాలి?
మూడువేల మంది కౌంటీలో
ఎవరి బావిలో నీళ్ళు ఎంత లోతునున్నాయో
ఎవరి పెళ్ళాం ఏ రాత్రి కారెక్కిందో
అన్నీ ఎరిగినవాడి చేత
ఎరగనని చేవ్రాలు పెట్టించుకోవాలి.

గోడలకు చెవులుంటాయంటారు.
మా బయళ్ళలో గోడలే లేవు.
చెవులే.

తొమ్మిదేళ్ళ కిందట, జనవరి.
కొడుకు డెల్, పికప్‌తో సహా
రిజర్వాయరు మంచు విరిగి మునిగిన ఆరోవారం.
అర్ధరాత్రి ఆర్విల్ కొట్టంలోంచి ఒక చప్పుడు.
ఒక్కటే.
కయోటీ మీద ఒక్కటి కాల్చి ఎవరూ ఊరుకోరు.
అరమైలు అవతల నా వంటింట్లో
స్టవ్వు పొగకి బెత్తెడు తెరిచిన కిటికీ దగ్గర
గిన్నె కడుగుతూ విన్నాను.
తడిచేత్తోనే ఫోను తిప్పాను.

గ్రేడీ వెళ్ళాడు. తెల్లారేదాకా రాలేదు.
ఆ రాత్రికి పుస్తకంలో అతను చెప్పి రాయించింది:
దారితప్పిన గొర్రెలు. యజమానికి అప్పగించడమైనది.
టైపు చేసింది నేను. తప్పులు లేకుండా.

"కొట్టం కప్పు చిల్లు పూడ్చావా?"
కాగితం మీంచి తలెత్తకుండా అడిగాడు గ్రేడీ.
ఆర్విల్‌కి ఆలస్యంగా వినబడిందో,
వినబడ్డాకే ఆలస్యమైందో.
"లేదు. మధ్యాహ్నం రెండింటికి బొత్తామంత ఎండ పడుతుంది.
ఈనే గొర్రె పక్కన కూచుంటే
సరిగ్గా మోకాలి మీద."

గ్రేడీ పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు.
"ఆ రోజు చప్పుడైంది కాబట్టి వచ్చాను."
"ఎవరు చెప్పారని నేనెప్పుడూ అడగలేదు."
నేను స్టేప్లరు సర్దాను. అది సర్దే ఉంది.

"గురువారం రా," అన్నాడు గ్రేడీ. "కాగితం ఎక్కడికీ పోదు."

గురువారం వచ్చాడు. ఆ పై గురువారమూ.
మాడిన కాఫీ, పేకముక్కలు, ఉన్ని ధరల మీద తిట్లు.
కాగితం సొరుగులో స్టాంపుల కింద.
దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.
మార్చిలో నలభై ఒక్క పిల్లలు పుట్టాయి,
ఆరు పోయాయి.

ఏప్రిల్లో ఒకరోజు, ఆట మధ్యలో,
చేతిలో ముక్కలు బోర్లించి సంతకం పెట్టాడు గ్రేడీ.
తేదీ మాత్రం నన్నడిగి వేశాడు.

ఆర్విల్ కవరు చంకన పెట్టుకుని
గుమ్మం దగ్గర ఆగాడు.
వినే చెవి నావైపు తిప్పి,
"నీ వంటింటి కిటికీ రాత్రిళ్ళు
ఇంకా తెరిచే ఉంచుతావా?" అన్నాడు.

ఉంచుతానన్నాను.
వినబడలేదేమోనని
మళ్ళీ అన్నాను, గట్టిగా.